మూడో నంబరు పట్టుదొర

తొమెకిచి నోరు తెరిచాడంటే పక్కనున్నవాళ్ళు టీ కప్పు కింద పెట్టి సర్దుకుని కూర్చోవలసిందే. మళ్ళీ లేవడమన్నది ఆయన దయ. నిజిసావా ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మల్బరీ ఆకు కోతకి సాయం రమ్మంటే ఆకు కోతలతో పాటు మాటల కోతలు కూడా కోసిపెట్టే మనిషి. రెండోదానికి కూలి అడగడు.

ఆ మధ్యాహ్నం కినుయో ఇంటి అరుగు మీద నలుగురు కూర్చున్నారు. నడుమ తొమెకిచి, ఆయన పక్కనే అప్పుడే కోసుకొచ్చిన ఆకు బుట్ట. స్తంభానికి ఆనుకుని కినుయో అత్తగారు షిగె అవ్వ. ఎనభై నాలుగేళ్ళావిడకి కళ్ళు ఆనవు గాని చెవులు పాము చెవులు. ఆ చివర యసుహెయి. కినుయో మల్బరీ తోటని ఆనుకుని ఆయనకి కొన్యాకు దుంపల చేను ఉంది. మిసో అనే సోయా ముద్ద పూసి కాల్చిన రొట్టెలు ఆకులో చుట్టి పట్టుకొచ్చాడు. ఊరికే తెచ్చాడనుకుంటే పొరపాటు. తన చేలో తను మందు కొట్టలేదని చెప్పుకోవడానికి వచ్చాడు పాపం. మాట పెగలక రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడు.

కినుయో ప్రాణం మాత్రం లోపలి గదిలో ఉంది.

ఆ ఊళ్ళో పట్టుపురుగుని పురుగనరు. తాతల నాటినుంచి పట్టుదొరగారు అనే అంటారు. పురుగన్న మాట చెవిన పడితే దొరలు అలిగి తిండి మానేస్తారని షిగె అవ్వ నమ్మకం. ఒకప్పుడు ఇంటింటి అటకల మీదా దొరలే. ఇప్పుడు ఊరు మొత్తానికి ఈ ఒక్క ఇంట్లోనే మిగిలారు. ఈ దొరలు చీరకీ కిమోనోకీ పోయేవాళ్ళు కారు. కొండ కిందున్న పరిశోధనశాలకి పోతారు. కొత్తగా తయారైన ప్రతి మందూ, పైరు మీద చల్లే ప్రతి ద్రావకమూ మనుషుల దాకా రాకముందు అక్కడ వీళ్ళ ఒంట్లోకి వెళుతుంది. ఎంతవరకు మందు, ఎక్కణ్ణుంచి విషం అన్నది వీళ్ళు తేల్చి చెప్పాలి. కారు వచ్చి దొరల్ని తీసుకెళ్ళిన ప్రతిసారీ షిగె అవ్వ గుమ్మంలో నిలబడి నడుం వంగేంతగా దండం పెడుతుంది. ఆ ఇల్లు గడిచేది కూడా ఆ కారు మీదే.

రేపు పొద్దున్న ఆ కారు వస్తుంది. ఒకే ఈడు, ఒకే బరువు ఉన్న ఆరువందల మంది దొరల్ని ఇవ్వాలి. అయితే నిన్నటినుంచి తూర్పు అరల్లో దొరలు ఉన్నట్టుండి ఆకు వదిలేసి తలలెత్తుతున్నారు. రొమ్ము ఉబ్బుతోంది, నోటివెంట గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయి. విషం తగిలిన గుర్తులన్నీ ఉన్నాయి. పడమటి అరల్లో బాగున్నవాళ్ళు ఆరువందల దాకా ఉన్నా, రేపటికి వాళ్ళకీ అంటదని నమ్మకమేమిటి? విషం ఇవ్వకముందే తల ఎత్తే దొరని పరిశోధనశాల ఏం చేసుకుంటుంది? వసంతకాలపు జట్టులో కూడా కొందరు పడిపోతే, ఇంకొక్కసారి ఇలా అయితే వేరే ఊరు చూసుకుంటామని మర్యాదగా ఉత్తరం రాశారు. ఆ మర్యాదే కినుయోకి భయం. ఆకు మీద పడేలా పైరు మందు ఎవరు కొట్టారా అని ఆలోచిస్తే కళ్ళు యసుహెయి వైపే పోతున్నాయి. ఇరుగుపొరుగున ముప్పై ఏళ్ళు బతికి ఆ మాట ఎలా అడగడం?

ఇదంతా తొమెకిచికి పట్టలేదు. ఒళ్ళోంచి పొగాకు సంచీ తీశాడు. వెంట్రుకల్లా తరిగిన పొగాకుని రెండు వేళ్ళ మధ్య నలిపి, బఠాణీ గింజంత ఉండ చేసి, ఇత్తడి మూతి పైపులో కూరాడు. వెలిగించలేదు. దొరలున్న ఇంటి దరిదాపుల్లో పైపు వెలిగించనని ఆయన నియమం. కూరి పెట్టుకుని, ఇంటికెళ్ళే దారిలో వంతెన మీద వెలిగిస్తాడు.

"తలలెత్తడం గురించి నన్నడగాలి కినుయోమ్మా," అన్నాడు. "పంతొమ్మిదేళ్ళు ఆ పరిశోధనశాలలో చేశాను. దొరలకి ఈ చేత్తో తినిపించాను. వాళ్ళ మెడ భాష నాకు తెలిసినట్టు ఈ దేశంలో ఇంకొకడికి తెలీదు."

"మొదలైంది," అంది షిగె అవ్వ.

"చేరిన కొత్తలో సంగతి. పెద్ద డాక్టరు ఇషిగురో గారని ఉండేవాడు. ఒకరోజు పొద్దున్నే చెమటలు కక్కుతూ వచ్చాడు. రెండు సీసాల మీద చీటీలు ఊడిపోయాయిట. ఒకదాంట్లో దగ్గు మందు, ఒకదాంట్లో విషం. రెండూ నీళ్ళల్లే ఉన్నాయి, వాసన లేదు. 'తొమెకిచి గారూ, కొంప మునిగింది' అన్నాడు. నేనన్నానూ, 'డాక్టరు గారూ, కూర్చోండి, టీ తాగండి, మూడో నంబరు దొరని అడుగుదాం' అని. ఒక ఆకు మీద ఈ బొట్టు, ఒక ఆకు మీద ఆ బొట్టు. మొదటి ఆకు చక్కగా తిన్నాడు. రెండో ఆకు కొసన ఒక్క కొరుకు కొరికి ఇదిగో, ఇలా, తల ఎత్తాడు. అంతే. డాక్టరు చీటీలు అంటించేసుకున్నాడు."

"అది జరిగే పనే," అన్నాడు యసుహెయి, కాస్త నిరాశగా.

"జరిగే పనేనయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి ఒసాకా దాకా పాకింది. రోజుకి నలభై సీసాలు రావడం మొదలెట్టాయి. ఎవరికి తెలియని విషమైనా మాకే. మా దొర ముందర పెట్టడం, మెడ చూడ్డం, నేను రాసుకోవడం. కుడికి ఒకసారి ఊపితే పాదరసం. ఎడమకి రెండుసార్లయితే పైరు మందు. గుండ్రంగా తిప్పితే పుట్టగొడుగు. ఒకసారేమైందనుకున్నావ్, తిప్పి తిప్పి నా వైపు చూశాడు. 'డాక్టరు గారూ, ఇది పుట్టగొడుగే గాని ఉత్తరపు కొండ మీద పెరిగింది కాదు, దక్షిణపు వాలులో వాన పడ్డ మర్నాడు కోసింది' అన్నాను. వాళ్ళకి ఫోను చేసి కనుక్కుంటే అక్షరాలా అంతే."

"వాన కూడా మెడతోనే చెప్పాడా?" అంది అవ్వ.

"తల కొంచెం తడిసినట్టు పెట్టాడక్కా. చూసే కన్నుండాలి."

యసుహెయి రొట్టె తినడం మర్చిపోయాడు. కినుయో కూడా చేతిలో ఆకు తొడిమలు తుంచుతూనే ఒక చెవి ఇటు పడేసింది. తొమెకిచి కోతల్లో ఉన్న గమ్మత్తు ఇదే, నడుమ నడుమ ఒక నిజం తగులుతుంది.

"నవ్వుతారు గాని," అన్నాడాయన గొంతు తగ్గించి, "ఆ చిన్న ఒంట్లో ఏముందనుకుంటున్నారు? మన కాలేయం చేసే పని వాళ్ళ కొవ్వు చేస్తుంది. మనకి చేటు చేసేవి చాలావరకు వాళ్ళకీ చేటు చేస్తాయి. జుట్టుపోగంత సూదితో చుక్కలో చుక్క ఎక్కిస్తారు. ఒక వరసకి ఇంత, పక్క వరసకి దానికి రెట్టింపు. మర్నాడు లెక్కపెడతారు. ఏ మోతాదుకి సగం మంది పడిపోయారో అక్కడ గీత గీస్తారు. మీరు రాత్రి వేసుకున్న జ్వరం మాత్ర ఉందే, దాని వెనక అలాంటి గీత ఒకటి ఉంటుంది. ఎవరు గీశారు? అరవడం రాని వాళ్ళు, కరవడం రాని వాళ్ళు, అబద్ధం చెప్పడం రాని వాళ్ళు."

ఆరేళ్ళుగా దొరల్ని పంపుతున్నా కినుయో కొత్తగా చూస్తున్నట్టు లోపలి గది వైపు తిరిగింది. వేలెడంత ప్రాణం తన మీద గీత గీయించుకుని దేశాన్ని కాస్తోందంటే దండం పెట్టక ఏం చేస్తాం అనిపించింది.

అక్కడ ఆగి ఉంటే తొమెకిచి తొమెకిచి ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏటి నీళ్ళు తాగిన ఆవులు పడిపోతున్నాయని కబురొచ్చింది. ఎక్కణ్ణుంచి వస్తోందో విషం ఎవడికీ అంతు చిక్కలేదు. మూడో నంబరు దొరని వెదురు బుట్టలో పెట్టుకుని నేను ఏటి గట్టున నిలబడ్డాను. తల ఎగువకి తిప్పాడు. నడిచాం. ముందు నేను, నా వెనక డాక్టరు, ఆయన వెనక పోలీసులు, వాళ్ళ వెనక విలేకర్లు. రెండు కొండలు దాటాం. మూడో కొండ మీద మంచు పడుతోంటే దొరకి చలేస్తుందని నా కోటు విప్పి కప్పాను. ఇరవై మైళ్ళు! ఇరవై మైళ్ళ అవతల ఒక పాడుపడ్డ షెడ్డు దగ్గర తల దించేశాడు. తవ్వితే ఏముంది, తుప్పు పట్టిన పీపా!"

"ఇరవై మైళ్ళే!" అన్నాడు యసుహెయి.

"ఇరవై రెండనుకో. ఎక్కువ చెప్పడం నాకిష్టం ఉండదు."

"దారిలో దొరగారు ఏం తిన్నాడు?" అంది అవ్వ. "మంచులో మల్బరీ చిగురించిందా?"

"నా టోపీ నిండా ఆకు పెట్టుకుని వెళ్ళానక్కా. అంత ముందుచూపు లేకపోతే పంతొమ్మిదేళ్ళు ఉంచుకుంటారా నన్ను?"

ఇక ఆపడం ఎవరి తరం? రాజధానిలో పెద్ద విందు. దేశదేశాల దొరబాబులు వచ్చారు. నలభై రకాల వంటకాలు. తొమెకిచి చొక్కా చేతిలో మూడో నంబరు. ఒక్కొక్క పళ్ళెం మీదుగా చెయ్యి పోనిస్తున్నాడు. ముప్పై తొమ్మిది దాటాయి. నలభయ్యో గిన్నె పులుసు మీద దొర తల ఎత్తాడు. వంటవాడు అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, ఉప్పు రెండుసార్లు వేశానని భోరుమన్నాడు.

"ఉప్పు విషమా?" అన్నాడు యసుహెయి.

"రక్తపోటున్న మంత్రిగారు పక్కనే ఉన్నాడయ్యా! దొరకి అన్నీ తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇన్ని విషాలు తట్టుకున్నాడు గదా, ఒళ్ళు పెరగడం మొదలెట్టింది. ముందు కీరకాయంత. తర్వాత ముల్లంగంత. గూడు కట్టే రోజొచ్చింది. ఏ అరలోనూ పట్టక గోదాం ఖాళీ చేసిచ్చారు. మూడు పగళ్ళు కట్టాడు. గూడు ఎంతుందీ, బియ్యం బస్తా అంత! పోగు తియ్యడానికి ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఆ దారం కొండ చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చి ఇంకా మిగిలింది. రంగు చూడాలి! పాదరసం తిన్న చోట వెండి రంగు, పుట్టగొడుగు తిన్న చోట ఎరుపు, పైరు మందు తిన్న చోట ఆకుపచ్చ. ఆ గుడ్డ ముక్క ఏ పానీయంలో ముంచినా విషముంటే నల్లబడేది. చంద్రుడి మీదకి పోయేవాళ్ళు వచ్చి అక్కడి మట్టి పరీక్ష చెయ్యాలని బతిమాలి పట్టుకుపోయారు."

"ఇప్పుడా గుడ్డ చంద్రుడి మీద ఉందంటావ్?" అంది అవ్వ.

"లేకపోతే చూపించేవాణ్ణి కానూ?"

యసుహెయి పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే కినుయో ముఖం చూసి ఆపేశాడు. తన మనసులో ఉన్నది ఇప్పుడే అడిగెయ్యాలనుకున్నాడేమో, గొంతు సవరించుకున్నాడు.

"తొమెకిచి గారూ, నిజంగా అడుగుతున్నా. మీ దొర ఎప్పుడైనా పొరబడ్డాడా? ఏ విషమూ లేకుండా తల ఎత్తడం ఉంటుందా? ఎందుకంటే నేను నెల్లాళ్ళుగా చేలో ఏ మందూ కొట్టలేదు. మా తాత సమాధి మీద ఒట్టు."

కినుయో చేతిలో ఆకులు ఆగిపోయాయి. తను అనకుండానే ఆ మాట యసుహెయికి చేరిపోయిందన్నమాట. ఆమెకి సిగ్గేసింది, అంతలోనే కోపం కూడా వచ్చింది. మరి మందు ఎవరు కొట్టినట్టు?

"పొరబడ్డమా!" తొమెకిచి మోకాలు చరిచాడు. "దొర తల ఎత్తాడంటే విషం ఉన్నట్టే. ఎంత సూక్ష్మమంటావ్? వినండి. ఆ గదిలోకి పోవాలంటే బట్టలు మార్చాలి, మోచేతుల దాకా మూడుసార్లు కడగాలి. పొగ తాగేవాడికి అసలు ప్రవేశమే లేదు, తలుపు మీద ఇంతేసి అక్షరాలతో రాసి ఉండేది. పొగ సంగతి కాదు, పొగాకు పట్టుకున్న చెయ్యి తగిలితేనే చాలు. ఒకరోజు కుర్ర డాక్టరొకడు దొంగచాటుగా ఒక్క సిగరెట్టు తాగి వచ్చాడు. సబ్బుతో కడిగాడు, అత్తరు రాశాడు, అయినా తలుపు తెరిచాడో లేదో, గది అవతల చివరినుంచి మూడో నంబరు దొర నిటారుగా తల ఎత్తి..."

"తొమె," అంది షిగె అవ్వ.

"ఉండక్కా, అసలు ఘట్టం..."

"పొగ తాగేవాడికి ప్రవేశం లేదన్నావు."

"లేదు. చచ్చినా లేదు."

"మరి నువ్వెలా వెళ్ళేవాడివి?"

అవ్వకి కళ్ళు ఆనవు గాని, ముక్కు ఇంకా పనిచేస్తోంది. ఆవిడ ముఖం సరిగ్గా ఆయన చేతుల వైపు తిరిగి ఉంది. మాటల సందడిలో ఆయన వేళ్ళు వాటంతట అవే ఇంకో ఉండ చేస్తున్నాయి. బొటనవేలి కొస, చూపుడువేలి కొస పాత తేనె రంగులో ఉన్నాయి.

కినుయో ఆ వేళ్ళు చూసింది. ఆ వేళ్ళ పక్కన బుట్ట చూసింది. మూడు రోజులుగా ఆ బుట్టలోని ఒక్కొక్క ఆకూ ఆ వేళ్ళే తుంచాయి. పడమటి అరలకి తను కోసిన ఆకు, తూర్పు అరలకి ఆయన కోసిన ఆకు.

లేచి లోపలికెళ్ళింది. చేతులు కడుక్కుని, పడమటి అరలోంచి ఇద్దరు దొరల్ని చెక్క మూతలో పెట్టి తెచ్చింది. ఒకరి ముందు తన ఆకు వేసింది. రెండో ఆకు తొమెకిచిని తియ్యమంది.

"నీ బుట్టలోంచి. నీ చేత్తో."

ఆయన తీసిచ్చాడు.

నలుగురూ వంగి చూస్తున్నారు, అవ్వకి కనపడకపోయినా ఆవిడా వంగింది. ఇద్దరు దొరలూ ఆకు అంచు పట్టుకుని పైనుంచి కిందికి కొరుకుతూ పోతున్నారు. కాసేపు రెండింటికీ తేడా లేదు. అప్పుడు రెండో దొర ఆగాడు. తల కొంచెం లేపాడు, దించాడు, మళ్ళీ లేపాడు. రొమ్ము ఉబ్బింది. ఆ తెల్లని తల నెమ్మదిగా అటూ ఇటూ ఊగింది, నోటి దగ్గర గోధుమరంగు చుక్క ఒకటి నిలిచింది. పక్కన మొదటి దొర ఈనె దాకా తినేసి ఇంకో ఆకు కోసం వెతుక్కుంటున్నాడు.

కంటికి కనపడనిది, ముక్కుకి తెలియనిది, ఆ వేలెడు ప్రాణం తన ఒంటితో చూపించేసింది.

"ఇరవై మైళ్ళ అవతలి విషం కనిపెట్టాడన్నావు నీ దొర," అంది షిగె అవ్వ. "మా దొర అంత దూరం పోలేదు తొమె. నీ వేళ్ళ దగ్గరే పట్టేశాడు."

తొమెకిచి ఆ వేళ్ళని ఒళ్ళో దాచుకోబోయి, దాచుకుని లాభం లేదని ఊరుకున్నాడు. "వెలిగించలేదు గదమ్మా," అన్నాడు చిన్నగా. "పొగే చేటనుకున్నాను. పొగాకు పట్టిన చెయ్యి మాట నా నోటితోనే చెప్పాను, అది నా చెయ్యే అనుకోలేదు."

కినుయో అప్పటికే ఆ ఆకు లాగేసి దొరకి మంచి ఆకు వేస్తోంది. తిట్టాలని నోటిదాకా వచ్చింది గాని ఆయన ముఖం చూశాక రాలేదు.

"గేటు దగ్గర ఉండేవాణ్ణి," అన్నాడు. "పంతొమ్మిదేళ్ళు. కార్లకి గేటు తియ్యడం, వెయ్యడం. నడవాలో ఒక గాజు కిటికీ ఉండేది. మధ్యాహ్నం భోజనానికి అందరూ పోయాక దాంట్లోంచి చూసేవాణ్ణి. మూడో నంబరని ఒక అర మీద రాసి ఉండేది, అదొక్కటే అక్కణ్ణుంచి బాగా కనపడేది. పొగాకు మానేస్తే లోపలికి పనికి తీసుకుంటాం అన్నాడు పెద్ద డాక్టరు. రేపు మానేస్తా రేపు మానేస్తా అనుకుంటుండగానే రిటైరు చేసేశారు." చెక్కమూత వైపు మళ్ళీ చూశాడు. "గాజు అడ్డం లేకుండా చూడ్డం నాకిదే మొదటిసారి."

ఆ సాయంత్రమంతా పని. తూర్పు అరల్లోని ఆకంతా తీసి పారబోశారు. యసుహెయి తన చేను పనులు మానుకుని కినుయోతో పాటు కొత్త ఆకు కోశాడు. కోసేముందు ఆమె ఆయనకి వంగి దండం పెట్టి, మనసులో నిన్ను అనుమానించాను, క్షమించమంది. ఆయన ఆ రొట్టెలు మళ్ళీ కాల్చుకు తిందాం పదమన్నాడు. తల ఎత్తినవాళ్ళని లెక్కపెడితే ముప్పై ఎనిమిది మంది తేలారు. వాళ్ళని వేరే పళ్ళెంలో పెట్టి మెత్తని ఆకు వేసింది కినుయో. తొమెకిచి ఏ ఆకూ ముట్టుకోలేదు. బావి దగ్గర కూర్చుని బూడిదతో చేతులు తోముతూనే ఉన్నాడు.

పొద్దున్న ఎనిమిదింటికి కారు వచ్చింది. పడమటి అరల్లో ఆరువందల మంది దొరలు ఒక్కడూ తల ఎత్తకుండా ఆకు నములుతున్నారు. తూకం వేసి, చూసి, బాగున్నారన్నాడు వచ్చిన కొత్త కుర్రవాడు. పెట్టెలు కారెక్కించాక గుమ్మం బయట ఒక ముసలాయన నిలబడి ఉండడం చూశాడు. వేళ్ళు తోలు లేచేలా ఎర్రగా ఉన్నాయి. గుమ్మానికి ఈవల అడుగు పెట్టడంలేదు.

"ఆ తర్వాత ఏమైందమ్మా?" అని అడిగాడు తొమెకిచి లోపలికి వినపడేలా. ఈసారి నిజంగానే తెలియక అడిగాడు.

"ముప్పై ఒక్కరు లేచి తింటున్నారు," అంది కినుయో. "ఏడుగురు పోయారు."

ఆయన తల దించుకున్నాడు. ఏం జరిగిందండీ అని కుర్రవాడు అడిగితే, తన పేరు చెప్పుకుని జరిగింది చెప్పాడు. నా వేళ్ళకి పొగాకు ఉంది, ఆ వేళ్ళతో ఆకు కోశాను, దొర ఒక్క ఆకు తిని నన్ను పట్టేశాడు అన్నాడు. కొండలు లేవు, మంచు లేదు, మంత్రులు లేరు. రెండు ముక్కల్లో అయిపోయింది.

కుర్రవాడు పకపకా నవ్వాడు. "మీ గురించి మా ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు తొమెకిచి గారూ! చంద్రుడి మీదకి గుడ్డ పంపిన మనిషి మీరే గదా? అది నమ్మినా నమ్ముతాను గాని, ఆకుకి తగిలిన వేలి మరకని దొర పట్టుకున్నాడంటే ఎలా నమ్మమంటారు?"

కినుయో లోపల్నుంచి గుమ్మంలోకి వచ్చి, పోయిన ఏడుగురు దొరలున్న చిన్న ఆకు పొట్లం ఆయన ఎర్రని చేతుల్లో పెట్టింది. ఊరి చివర, పోయిన దొరలకి దండం పెట్టుకునే పట్టుదొరల రాయి కింద పెట్టి రమ్మంది. తర్వాత కుర్రవాడి వైపు తిరిగింది.

"ఈయన చెప్పింది తక్కువే," అంది.